పిల్లలు కాని గుడ్లు

1967 ఎండాకాలంలో బర్మాలోని రంగూన్ దగ్గరి ఒక్పో అనే పల్లెలో దోమలు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. అవి పిల్లలు మాత్రం కావడం లేదు.

క్యూలెక్స్ దోమ గుడ్లను ఎక్కడపడితే అక్కడ జారవిడవదు. నీటి మీద వాలి, వెనక కాళ్ల నడుమ ఒక్కో గుడ్డునూ నిలువుగా నిలబెట్టి, దాని పక్కన ఇంకోటి అతికిస్తూ పోతుంది. నూటయాభై, రెండొందలు చేరేసరికి అదొక బుల్లి తెప్ప. పెట్టినప్పుడు తెల్లగా ఉండి కొన్ని గంటల్లో నల్లబడుతుంది. మామూలుగా అయితే ఒకటి రెండు రోజుల్లో ప్రతి గుడ్డుకూ అడుగున మూత తెరుచుకుంటుంది, లార్వా నేరుగా నీళ్లలోకి జారుతుంది. ఒక్పోలో ఏరి తెచ్చిన తెప్పల్లో చాలావాటికి ఆ మూతలు తెరుచుకోలేదు. వారాలు గడిచేకొద్దీ అలాంటి తెప్పల వంతు పెరుగుతూ వచ్చింది. సుమారు మూడు నెలలయ్యేసరికి పిల్లలయ్యే తెప్ప దొరకడమే లేదు.

పని చేసింది దోమల మందు కాదు. జర్మనీలో మైన్జ్ విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్రవేత్త హానెస్ లావెన్, రోజూ వేల కొద్దీ మగదోమల్ని పెంచి అక్కడ వదిలించాడు. మగదోమ కుట్టదు కాబట్టి ఊరివాళ్లకు వాటితో బాధ లేదు. ఆ మగవి ఊరి ఆడదోమలతో జతకట్టాయి. ఆడది సాధారణంగా జన్మలో ఒక్కసారే జతకడుతుంది, ఆ బీజాన్నే దాచుకుని మళ్లీమళ్లీ గుడ్లు పెడుతుంది. ఆ ఒక్కసారీ పనికిరాని మగదానితో అయిందంటే ఇక దాని వంశం అక్కడితో ఆగినట్టే.

దీన్ని దోమల నిర్మూలన చరిత్రలో చెప్పుకోవడం రివాజు. నా లెక్కలో ఇది జాతుల్ని గుర్తుపట్టడం ఎంత తిరకాసు పనో చెప్పే కథ. ఊరి దోమ, బయటి దోమ చూడ్డానికి ఒకటే. జతకడతాయి కూడా. సంతానం మాత్రం లేదు. సంతానం కలగకపోతే వేర్వేరు జాతులు అనేగా మనం బళ్లో చదువుకున్నది? మరి ఇవి రెండు జాతులా? దీనికి నమ్మకంగా జవాబు చెప్పాలంటే డీఎన్‌ఏ చదవడం వచ్చేదాకా ఆగాల్సివచ్చింది. చదవడం వచ్చాక కూడా, డీఎన్‌ఏలో ఏ ముక్క చదవాలో తెలియకపోతే తప్పు జవాబే వస్తుందని తేలింది.

ముందు ఆ దోమ రంగూన్‌లో ఏం చేస్తోందో చూద్దాం. గోదావరి జిల్లాలవాళ్లకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. బోదకాలు పురుగును మనిషి నుంచి మనిషికి మోసేది అదే. 1960లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రంగూన్‌లో ఒక ఫైలేరియా పరిశోధన విభాగాన్ని నడిపింది. దక్షిణాఫ్రికా కీటకశాస్త్రవేత్త బోథా డి మెయాన్ లాంటివాళ్లు అక్కడ కూర్చుని గుడ్డు ఎన్ని గంటలు, లార్వా ఎన్ని రోజులు, ప్యూపా ఎన్ని రోజులు అని ఓపిగ్గా లెక్కలు కట్టారు. ఆనాటి వ్యాసాలన్నిటా దాని పేరు క్యూలెక్స్ ఫాటిగన్స్. అదే దోమకు 1823లోనే థామస్ సే అమెరికాలో క్విన్‌క్వెఫాసియాటస్ అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు గనక ఇప్పుడు అందరూ వాడేది అదే.

ఈ దోమకు మురుగంటే ప్రాణం. రంగూన్ నడిబొడ్డుకు 1880ల చివర్లోనే, గాలి ఒత్తిడితో మురుగును తోసే షోన్ పద్ధతి పైపులు వేశారు. ఆ పైపులు అందని వాడల్లో పాయిఖానా గుంతలు, మూతల్లేని కాలువలు. పాయిఖానాలు ఎత్తిపోసే మునిసిపాలిటీ పనిలో ఎక్కువమంది ఆంధ్ర తీరం నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను కోరంగీలు అనేవారు. 1930 మేలో రంగూన్ రేవు కూలీల గొడవల్లో ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా వాళ్లే. రంగం, అంటే రంగూన్, వెళ్లి డబ్బు పంపినవాళ్ల కథలు ఉత్తరాంధ్రలో ఇంకా వినిపిస్తాయి. వాళ్లు అక్కడ ఏ దోమల మధ్య పడుకున్నారో ఎవరూ చెప్పుకోరు.

లావెన్ దగ్గరికి వద్దాం. ఆయన ఒక్పో రావడానికి పదిహేనేళ్ల ముందు నుంచే యూరప్ ఊళ్ల దోమలకు పెళ్లిళ్లు చేసి చూస్తున్నాడు. ఈ ఊరి మగదాన్ని ఆ ఊరి ఆడదానితో కలిపితే సంతానం ఉండదు. అదే ఆ ఊరి మగదాన్ని ఈ ఊరి ఆడదానితో కలిపితే నిక్షేపంలా పిల్లలవుతాయి. కొన్ని ఊళ్ల మధ్య ఎటు కలిపినా కాదు. పైగా ఈ లక్షణం తల్లి నుంచే వస్తోంది, తండ్రి ఎవరైనా తేడా లేదు. కేంద్రకంలోని జన్యువుల సంగతైతే ఇద్దరి వాటా ఉండాలి. కాబట్టి గుడ్డులోని కణద్రవ్యంలో ఏదో ఉందని లావెన్ సరిగ్గానే ఊహించాడు. అక్కడ ఆగక, కొత్త జాతులు ఇలాగే పుడుతున్నాయని 1959లో ప్రతిపాదించాడు. ఆ రోజుల్లో అది అసమంజసమైన మాటేమీ కాదు.

అసలు దొంగ అప్పటికే పేరుతో సహా పుస్తకాల్లో ఉంది. 1924లో అమెరికాలో మార్షల్ హెర్టిగ్, సిమియన్ వోల్బాక్ అనే ఇద్దరు క్యూలెక్స్ దోమ అండాశయాల్లో ఒక సూక్ష్మజీవిని చూశారు. 1936లో హెర్టిగ్ దానికి వోల్బాకియా అని పేరు పెట్టాడు. అది దోమ కణాల్లోపల కాపురముండే బాక్టీరియా. దానికీ లావెన్ పెళ్లిళ్లకూ సంబంధం ఉందని 1971లో గానీ తెలియలేదు. యెన్, బార్ అనే ఇద్దరు చెడిపోయిన గుడ్లను పరిశీలించి ఆ ముడి విప్పారు. వోల్బాకియా ఉన్న మగదాని బీజం ఒక మార్పుతో బయటికొస్తుంది. గుడ్డులో అదే రకం వోల్బాకియా ఉంటే ఆ మార్పు సరిదిద్దబడుతుంది, లేకపోతే పిండం చస్తుంది. టెట్రాసైక్లిన్ పెట్టి బాక్టీరియాను చంపితే మగదోమలు మళ్లీ ఎవరితోనైనా పిల్లల్ని కంటాయి. ఈ పని చేసే జన్యువుల జంట ఏదో 2017 దాకా తేలలేదు.

అంటే సంతానం ఆగింది దోమల మధ్య తేడా వల్ల కాదు, వాటి లోపలున్న అతిథుల మధ్య తేడా వల్ల. ఏ పరీక్షను జాతికి గీటురాయి అనుకున్నామో అదే మోసం చేసింది.

అలాంటప్పుడు దోమనే నేరుగా అడగాలి, అంటే దాని కేంద్రకంలోని డీఎన్‌ఏని. చల్లని దేశాల క్యూలెక్స్ పైపియన్స్, మన ఉష్ణదేశాల క్విన్‌క్వెఫాసియాటస్ దగ్గరి బంధువులు. ఆడవాటిని చూసి ఏది ఏదో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టం. మగవాటి జననాంగంలో రెండు భాగాల కొలతల నిష్పత్తిని బట్టి చెప్పొచ్చు. 1949లో సుందరరామన్ అమెరికా దోమల మీద ఆ కొలతలన్నీ తీశాడు. అయితే రెండు జాతులూ కలిసే చోట, అంటే అమెరికా నడి అక్షాంశాల్లో, నిష్పత్తులు కూడా మధ్యస్థంగా వచ్చి కూర్చుంటాయి. కుట్టేదీ, పట్టుబడేదీ ఆడదోమ, కొలత ఉన్నదేమో మగదానికి. ఈ గొడవ తీర్చడానికి 2004లో జూలీ స్మిత్, డీనా ఫోన్సెకా నరాల్లో పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముకు చెందిన ఒక జన్యువును ఎంచుకున్నారు. ప్రోటీన్‌గా మారే భాగాల్లో మార్పు తక్కువ. నడుమ ఖాళీగా ఉండే ఇంట్రాన్లలో అక్షరాలు మారినా దోమకు నష్టం లేదు, అందుకని అక్కడ తేడాలు పేరుకుంటాయి. ఆ తేడాల మీద జాతికొక ప్రైమర్, అంటే ఆ జాతి డీఎన్‌ఏకే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క, తయారుచేశారు. పైపియన్స్ అయితే 610 అక్షరాల ముక్క వస్తుంది, క్విన్‌క్వెఫాసియాటస్ అయితే 274. రెండూ వచ్చాయంటే అది సంకరం.

ఇప్పుడు ఒక్పోలో వదిలిన మగదోమల పుట్టుక చెప్పాలి. లావెన్ పారిస్ దోమ ఆడవాటిని కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో మగవాటితో కలిపాడు. పుట్టిన ఆడపిల్లల్ని మళ్లీ ఫ్రెస్నో మగవాటికే ఇచ్చాడు, వాటి ఆడపిల్లల్నీ అంతే. ప్రతి తరంలోనూ పారిస్ జన్యువుల వంతు సగమవుతూ పోయింది. కొన్ని తరాలకు కేంద్రకమంతా ఫ్రెస్నోదే. కణద్రవ్యం మాత్రం తల్లి నుంచి కూతురికి చెక్కుచెదరకుండా వచ్చింది గనక పారిస్‌దే, అందులోని వోల్బాకియా కూడా. అలా తయారైన దోమ కేంద్రకం చదివితే కాలిఫోర్నియాది. మైటోకాండ్రియాను నిశితంగా చదివితే పారిస్‌ది. ఎగురుతున్నది బర్మాలో.

మైటోకాండ్రియా మాట ఎందుకు తెచ్చానంటే, కీటకాల జాతుల్ని పోల్చుకోవడానికి ఇవాళ ప్రపంచమంతటా మొదట చదివేది దాన్నే. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్‌కు చెందిన పాల్ హెబర్ట్ బృందం, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాలు చదివితే చాలు, జంతువేదైనా జాతి చెప్పొచ్చంది. దానికే డీఎన్‌ఏ బార్‌కోడ్ అని పేరు. సీతాకోకచిలుకల్లో, చేపల్లో, చాలా దోమల్లో కూడా అది చక్కగా పనిచేస్తుంది. కానీ మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు. ఇంటిపేరు చూసి ఒక మనిషి తాతముత్తాతలందరి ఊళ్లూ చెప్పగలమా? ఒక్క వరస చెప్పగలం. మిగతా వరసలన్నీ ఆ పేరు వెనక కనబడకుండా పోతాయి.

క్యూలెక్స్ విషయంలో జరిగింది సరిగ్గా అదే. వోల్బాకియా ఉన్న ఆడదానికి లాభం ఎక్కువ. వోల్బాకియా ఉన్న మగదైనా, లేని మగదైనా దానికి పిల్లలవుతాయి. అది లేని ఆడదాని గుడ్లు మాత్రం ఉన్న మగదానితో కలిస్తే పాడైపోతాయి. దాంతో బాక్టీరియా ఉన్న తల్లుల వంశమే ఊరంతా పరుచుకుంటుంది. ఆ తల్లుల మైటోకాండ్రియా కూడా వెంటే వస్తుంది. ఎప్పుడో ఒక సంకర ఆడదోమ సరిహద్దు దాటి పక్క జాతిలో కలిసిందనుకోండి, దానితో వెళ్లిన వోల్బాకియా కొత్త జాతిలోనూ అలాగే వ్యాపిస్తుంది, మైటోకాండ్రియాను మోసుకుంటూ. కేంద్రకంలోని జన్యువులు తరాలు తిరిగేసరికి పల్చబడిపోతాయి. లావెన్ ప్రయోగశాలలో కొన్ని తరాల్లో చేసిన పనిని ప్రకృతి తీరిగ్గా చేసింది. ఫలితంగా పైపియన్స్, క్విన్‌క్వెఫాసియాటస్ మైటోకాండ్రియాలు దాదాపు ఒకటే. బార్‌కోడ్ వాటిని విడదీయలేక తడబడుతుంది. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఇంట్రాన్ తడబడదు.

బర్మాలోనే ఇంకో దోమలో, వోల్బాకియా ప్రసక్తి లేకుండానే, ఇలాంటి చిక్కే ఉంది. ఈసారి జబ్బు మలేరియా.

మలేరియా విషయంలో దోమ జాతి ఎంత ముఖ్యమో మన సికింద్రాబాద్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ 1895 నుంచి ఏళ్ల తరబడి బూడిదరంగు దోమల్నీ, చారల దోమల్నీ కోసి చూస్తూ విసిగిపోయాడు. అవి క్యూలెక్స్, ఏడిస్. వాటిలో మనిషి మలేరియా పెరగదు. రెక్కల మీద మచ్చలున్న దోమ దొరికాకే, 1897 ఆగస్టు 20న, దాని పొట్ట గోడలో పరాన్నజీవి కనబడింది. ఆ మచ్చల రెక్కల దోమలకే అనాఫిలిస్ అని పేరు. వాటిల్లోనూ అన్నీ మలేరియా మోయవని తర్వాత తెలిసింది. మోసేవీ మోయనివీ ఒక్కోసారి కవలల్లా ఉంటాయని 1926లో ఇటలీలో ఫాల్లెరోని గుడ్ల మీది నమూనాలు చూసి చెప్పాడు.

బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, అడవుల్లో మలేరియా మోసేవాటిలో ముఖ్యమైనవి అనాఫిలిస్ మినిమస్, అనాఫిలిస్ డైరస్. డైరస్‌ను 1979 దాకా బాలబాసెన్సిస్ అనే వేరే దోమతో కలిపేసి చూశారు. విడదీసి పేరు పెట్టాక, ఆ డైరస్ కూడా ఒకటి కాదని తేలింది. థాయ్‌లాండ్ శాస్త్రవేత్త విసుత్ బైమయి క్రోమోజోములు పరిచి చూసి అందులో పలు జాతులున్నాయన్నాడు. చాన్నాళ్లు వాటిని ఏ, బి, సి, డి అని అక్షరాలతోనే పిలిచారు. 2005లో సలమ్ తదితరులు లాంఛనంగా పేర్లు పెట్టినప్పుడు డి రకానికి బైమయి పేరే పెట్టారు, అనాఫిలిస్ బైమయిఐ. పశ్చిమ థాయ్‌లాండ్ నుంచి మయన్మార్, బంగ్లాదేశ్, మన ఈశాన్య రాష్ట్రాల దాకా ఉండేది అదే. పుస్తకాల్లో డైరస్ కుటుంబం గూడు అంటే అడవి నీడలో చిన్న నీటి మడుగు, ఏనుగు అడుగులో నిలిచిన నీరు. మోన్ రాష్ట్రంలో ముడోన్ వైపు మాత్రం ఆ దోమ లార్వాలు ఇళ్ల బావుల్లో దొరికాయి. రంగూన్ వైద్య పరిశోధకులకు అది పెద్ద విషయమే. బావిలో పెరిగే దోమ కోసం అడవికి పోనక్కర్లేదు, అదే మన వాకిట్లోకి వచ్చింది.

అదే కుటుంబంలో నెమోఫిలస్ అనే ఇంకో దోమ ఉంది. చూడ్డానికి తేడా పట్టడం కష్టం. అది కోతుల జోలికే తప్ప మనిషి జోలికి పెద్దగా రాదు. వలలో పడిన వంద దోమల్లో ఎన్ని బైమయిఐ, ఎన్ని నెమోఫిలస్ అన్నదాన్ని బట్టి ఆ ఊళ్లో మలేరియా లెక్క మారిపోతుంది. మన దేశంలోనూ ఈ తంటా ఉంది. అనాఫిలిస్ క్యులిసిఫేసిస్‌లో బి రకం మలేరియా సరిగా మోయదని ఉత్తరాదిన తేలింది. రామేశ్వరంలో మాత్రం అదే బి మలేరియాను బాగానే మోస్తున్నట్టు కనబడింది. అక్కడిది బి కాదనీ, ఇ అనే వేరే జాతి అనీ 1999లో తేలాకే ఆ వైరుధ్యం తీరింది.

డైరస్ కుటుంబాన్ని డీఎన్‌ఏతో విడదీసే పద్ధతిని 1999లో కాథరిన్ వాల్టన్ బృందం ఇచ్చింది. వాళ్లు ఎంచుకున్నది కేంద్రకంలోని ఐటీఎస్2 అనే ముక్క. రైబోసోముకు కావాల్సిన రెండు జన్యువుల మధ్య ఉండే ఎడం అది. వందల ప్రతులుంటాయి గనక చిన్న నమూనాలోనూ దొరుకుతుంది. ఒక జాతిలో ఆ ప్రతులన్నీ ఒకదాన్నొకటి చూసి దిద్దుకున్నట్టు ఒకేలా తయారవుతాయి, పక్క జాతిలో వేరేలా. ఐటీఎస్2 చదివితే డైరస్ వేరు, బైమయిఐ వేరు, సందేహం లేదు. మైటోకాండ్రియా చదివితే మాత్రం రెండూ ఒకటే గుంపులో కలిసిపోతాయి. పాతకాలంలో ఎప్పుడో ఈ రెండు జాతులూ కలిసినప్పుడు ఒకదాని మైటోకాండ్రియా రెండోదాంట్లోకి జారి అక్కడే స్థిరపడిందని పరిశోధకుల లెక్క. బార్‌కోడ్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ఇక్కడ రెండు జాతుల్ని ఒకటిగా రాసేస్తారు. నాకు బార్‌కోడ్ మీద పగేమీ లేదు. తల్లి వరసను మాత్రమే అడిగి, వచ్చిన జవాబును కుటుంబం మొత్తానికి అంటగట్టడంతోనే నా పేచీ.

ఈ పరీక్షలు ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూద్దాం. రంగూన్‌లో జీవక రోడ్డు మీద, అంటే బుద్ధుడి వైద్యుడి పేరున్న వీధిలో, 1963లో మొదలైన వైద్య పరిశోధన సంస్థ ఉంది. అక్కడైనా, హైదరాబాద్‌లోనైనా, మాంచెస్టర్‌లోనైనా పని మొదలయ్యేది ఒకేలా. ఎండబెట్టిన దోమను సూక్ష్మదర్శిని కింద పెట్టి, సన్నని పట్టకారతో ఒకే ఒక కాలు తుంచుతారు. మిగతా దోమను సూదికి గుచ్చి, దొరికిన ఊరు, తేదీ, పట్టినవారి పేరు చీటీ మీద రాసి పెట్టెలో దాస్తారు. కాలును చిన్న ట్యూబులో నూరి డీఎన్‌ఏ తీస్తారు. అందులో ప్రైమర్లు, ఎంజైము, విడి అక్షరాలు కలిపి యంత్రంలో పెడితే 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ పేటలు విడిపోతాయి. 55 ప్రాంతంలో ప్రైమర్లు తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పేట అల్లుకుంటుంది. ముప్ఫయ్యయిదు సార్లు తిరిగేసరికి కోట్ల ప్రతులు. వాటిని అగరోజ్ జెల్ మీద పోసి కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందుకూ పెద్దవి వెనకకూ చేరతాయి. ఒక చివర అన్ని జాతులకూ ఉమ్మడి ప్రైమరు, రెండో చివర జాతికొక ప్రైమరు. ఏ ప్రైమరు అతుక్కుందో దాన్ని బట్టి ముక్క పొడవు, పొడవును బట్టి జాతి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి తేలిపోతుంది.

తేలనిది ఒకటుంది. అన్ని వరసల్లోనూ గీతలొచ్చి, ఒక కాలు వేసిన వరసలో మాత్రం ఏమీ రాదు. మొదట డీఎన్‌ఏ పాడైందనుకుంటారు, అదే దోమ ఇంకో కాలు తుంచి మళ్లీ చేస్తారు. అప్పటికీ రాకపోతే ఆలోచించాలి. జాతికొక ప్రైమరు అంటే తెలిసిన జాతికి అని. తెలియని జాతి వచ్చి నిలబడితే దానికి ప్రైమరు ఉండదు. అప్పుడు ఏ అనాఫిలిస్‌కైనా అతుక్కునే ప్రైమర్లతో ఐటీఎస్2 మొత్తం పెంచి, అక్షరాలన్నీ చదివించి, అంతర్జాతీయ డేటాబ్యాంకుల్లోని వరసలతో పోల్చి చూస్తారు. ఏదానితోనూ కలవకపోతే పెట్టె తెరిచి, సూదికి గుచ్చిన ఒళ్లును మళ్లీ బయటికి తీయాలి. చాలామంది పరిశోధకులు దోమను మొత్తం నూరేసి ఆ అవకాశం పోగొట్టుకుంటారు.

మినిమస్ కుటుంబంలో ఇలాంటి పేచీ చాలా ఏళ్లు నడిచింది. రెక్క ముందంచున ఒక లేతరంగు మచ్చ ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం అని గుర్తు పెట్టుకున్నారు. మచ్చ ఉన్నా లేకపోయినా ఐటీఎస్2 వేరే మాట చెబుతూ వచ్చింది. చివరికి 2007లో, అప్పటిదాకా సి అనే అక్షరంతో పిలిచిన రకానికి అనాఫిలిస్ హారిసనై అని సొంత పేరు వచ్చింది. వియత్నాంలో చూసినదాన్ని బట్టి అది మినిమస్ కంటే ఎక్కువగా ఆరుబయట, పశువుల మీద కుడుతుంది. ఇంటి గోడలకు కొట్టే మందు దానికి తగిలేది తక్కువ.